స్టాండు లేని సైకిలు

గంట లేదు. స్టాండు లేదు. మడ్‌గార్డులు లేవు. చెయిన్‌కి కవరు కూడా లేదు. అలాంటి సైకిలును నా ఎదురుగానే నా కొడుక్కి అంటగడుతున్న ఆ పిల్లను చూడగానే నాకు ఒళ్ళు మండింది.

"ఇదేం సైకిలమ్మా? ఒంటి మీద బట్టల్లేని మనిషిలా ఉంది!" అన్నాను.

ఆ పిల్ల చేతికంటిన గ్రీజును పాత గుడ్డతో తుడుచుకుంటూ, "రేసు సైకిలు ఇలాగే ఉంటుంది ఆంటీ. బరువు తగ్గేకొద్దీ స్పీడు పెరుగుతుంది," అంది.

"స్పీడు పెరిగితే?"

"ముందుగా చేరతారు."

"ఎక్కడికి? ఆస్పత్రికా?"

ఆ పిల్ల ఫక్కున నవ్వింది. ఆ నవ్వును మా ఆనందు చూశాడు. వాడు చూడటం నేను చూడలేదు. నా చూపంతా సీటు మీదే ఉంది. పచ్చిమిరపకాయంత సీటు! పట్టు జారితే వెనకాల వచ్చే లారీ ఆగుతుందా?

మాది రేపల్లె. ఆనందు అంటే జ్ఞానానందం, మా ఒక్కగానొక్క కొడుకు. కోర్టులో టైపిస్టు. తొంభై మూడులో బాపట్ల కుర్రాళ్ళు కొందరు కలిసి సూర్యలంక దగ్గర ఏదో పోటీ పెడుతున్నారని వాడి చెవిన పడింది. ముందు సముద్రంలో ఈదాలి. ఒడ్డుకొచ్చి, ఒళ్ళయినా తుడుచుకోకుండా సైకిలెక్కాలి. అది దిగి పరుగెత్తాలి. ట్రయాథ్లాన్ అంటారట.

"ఇన్ని కష్టాలు ఒక్క పూటే ఎందుకురా? మూడు రోజులు పెట్టుకోకూడదూ?" అన్నాను.

డెబ్బై ఏడు ఉప్పెన కళ్ళారా చూసినదాన్ని. సముద్రం పేరెత్తితే నాకు ఇప్పటికీ నోరెండిపోతుంది.

"సుందరమ్మా, వాడికి ఇరవయ్యారేళ్ళు," అన్నారు మా ఆయన రాజారత్నం మాస్టారు, పేపరు చాటు నుంచి.

"అయితే? ఇరవయ్యారేళ్ళవాడు మునగడా?"

ఆయన పేజీ తిప్పారు. నేను ఓడిపోయాను. కనీసం సైకిలైనా దగ్గరుండి కొనిపిద్దామని వాడి వెంట తెనాలి పాసింజరెక్కాను. బోసు రోడ్డులో తోమాసుగారి సైకిల్ షాపు. ఆ గ్రీజు చేతుల పిల్ల ఆయన కూతురు రిబ్కా. బీకాం ప్యాసై, తండ్రికి చూపు మందగించడంతో షాపు తనే చూసుకుంటోంది.

ఆనందు జీతంలోంచి దాచుకున్నది మూడు వేలు. షాపులో సైకిళ్ళు మూడు రకాలు. నిలువెత్తు నల్లది, నాకు నచ్చింది. మద్రాసు నుంచి తెప్పించిన పది గేర్లది, తళతళలాడుతోంది, వాడి కళ్ళు దాన్ని వదలడం లేదు. మూడోది నీలం రంగుది, వెనక ఐదు గేర్లు, హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంది.

"పది గేర్లది వద్దండి," అంది రిబ్కా. "మీ బడ్జెట్ దాటిపోతుంది. పైగా ఏది విరిగినా సామాను మద్రాసు నుంచి రావాలి. మొదటి సైకిలుకి ఈ నీలంది చాలు. మిగిలిన డబ్బుతో మంచి టైర్లు వేయించుకోండి."

"పది గేర్లుంటే ఇంకా బావుంటుందేమో కదండీ?" అన్నాడు వీడు.

"సూర్యలంక రోడ్డులో కొండలెక్కడున్నాయండీ?"

"ఎదురుగాలి ఉంటుందిగా."

"గాలికి గేర్లు కాదు, వినయం కావాలండి. వంగి తొక్కండి."

వీడు అక్కడే, సైకిలు లేకుండానే కాస్త వంగాడు.

నాకు చిర్రెత్తింది. "ఆ నల్లది ఇవ్వమ్మా. పెద్దదైతే బలంగా ఉంటుంది. వాడికి చొక్కాలు కూడా ఒక సైజు పెద్దవే కుట్టిస్తాను."

"ఆయన ఇంకా పెరుగుతారా ఆంటీ?"

పెరగడని నాకూ తెలుసు. కానీ పిల్లలకి కొనే వస్తువేదైనా పెద్దది కొనాలని మా అమ్మ నేర్పింది. నేను పట్టు వదల్లేదు.

"సరే, ఎక్కి చూడక్కర్లేదు," అంది రిబ్కా వాడితో. "సీటుకి ముందు, ఆ గొట్టానికి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడండి. పాదాలు పూర్తిగా నేలకానాలి. ఆంటీ, సరిపోయిందో లేదో మీరే చూసి చెప్పండి." అని చటుక్కున అటు తిరిగి గోడ మీది క్యాలెండరు చూడసాగింది.

మా వాడు నల్లదాని మీద మునివేళ్ళ మీద నిలబడ్డాడు. మొహంలో రంగులు మారాయి. 

"నీలందే ఇవ్వమ్మా," అన్నాను.

బేరం మాత్రం నేనే చేశాను. "అన్నయ్యగారూ, ఈ చెల్లెలి మాట కాదనకండి," అని తోమాసుగారి దగ్గర కూర్చుంటే ఆయన కరిగిపోయి గాలి పంపు ఊరికే ఇచ్చేశారు.

మర్నాడే మా వీధి పౌలును పిలిచి ఆ సైకిలుకి స్టాండు పెట్టించాను. ఆ శనివారమే ఆనందు ప్రాక్టీసని తెనాలి దాకా తొక్కుకుంటూ వెళ్ళాడు. స్టాండు లేకుండా తిరిగొచ్చాడు.

"ఊడిపోయిందమ్మా."

గంట పెట్టించాను. మళ్ళీ తెనాలి వెళ్ళొచ్చాడు. గంట లేదు. "దొంగలమ్మా!" క్యారియరు పెట్టించాను. అదీ పోయింది. తెనాలిలో దొంగలు ఇంత చిల్లర దొంగలని నాకు తెలియదు.

వానలు మొదలయ్యాక మడ్‌గార్డులు పెట్టించాను. ఆ శనివారం జోరున వాన. సాయంత్రం వాడు వచ్చి గుమ్మంలో నిలబడితే, నడుం నుంచి మెడ దాకా వీపు మీద బురద చార! మడ్‌గార్డులు లేవు. ఆ చార పడింది వాడి చొక్కా మీద కాదు, ఎవరిదో లేడీస్ రెయిన్‌కోటు మీద. దాని చేతులు మోచేతుల దాకే వచ్చాయి.

"ఎవరిదిరా ఇది?"

"షాపులో ఇచ్చారమ్మా."

"తోమాసుగారు గులాబీ పువ్వుల రెయిన్‌కోటు వేసుకుంటారా?"

వాడు జలుబు వచ్చినట్టు దగ్గాడు. పేపరు చాటు నుంచి మాస్టారు కూడా దగ్గారు.

సోమవారం పాసింజరుకి నేనొక్కదాన్నే తెనాలి వెళ్ళాను. షాపు వెనకాల గోడకి నా స్టాండు, నా గంట, నా క్యారియరు, నా మడ్‌గార్డులు వరసగా వేలాడుతున్నాయి. ఒక్కదానికీ దుమ్ము లేదు.

"ఏంటమ్మా ఇదంతా? నేను పెట్టించడం, నువ్వు విప్పడం! నా కొడుకు ప్రాణమంటే నీకు లెక్కలేదా?"

"బరువు తగ్గాలంటే తీయాలి ఆంటీ. ఆయనే తీయమంటారు."

"ఒక్క నట్టు విప్పడానికి రేపల్లెలో పానాలే లేవా? అంత దూరం నుంచి నీ దగ్గరికే రావాలా?"

రిబ్కా మొహం ఎర్రబడింది. చేతిలో పానా కింద పడింది.

మూల కుర్చీలోంచి తోమాసుగారు, "నేనూ అదే ఆలోచిస్తున్నానమ్మా. నాకు చూపు తగ్గింది గానీ మరీ అంత తగ్గలేదు," అన్నారు.

అప్పటికి నాకు అర్థమైంది.  ఆ రాత్రి ఆనందును నిలదీశాను.

"అవునమ్మా. రిబ్కా అంటే నాకిష్టం. తనకీ నేనంటే ఇష్టమేననుకుంటున్నా. అడగలేదు. నువ్వు సరేనంటేనే అడుగుతా. లేకపోతే అడగను."

"అననురా! గంట కూడా ఉంచనివ్వని పిల్ల, రేపు నిన్ను ఏ బావిలో దూకమంటుందో! భయమే లేని మనిషి నా ఇంట్లోకి రాకూడదు."

"నువ్వే ఆయన్ని అన్నయ్యా అన్నావు," అన్నారు మాస్టారు. "ఆ లెక్కన ఆ పిల్ల నీకు మేనకోడలే కదే."

"పంపు కోసం అన్నానండీ!"

ఆనందు పోట్లాడినా బావుండేది. రోజూ తెల్లారే లేచి సైకిలు తొక్కేవాడు, పెనుమూడి రేవు వైపు. తెనాలి వైపు మాత్రం వెళ్ళలేదు. అన్నం ముందు కూర్చుని, అడిగినదానికి మాత్రం జవాబు చెప్పేవాడు. నా మాట నెగ్గింది. ఇల్లు మాత్రం మూగబోయింది.

ఫిబ్రవరిలో పోటీ వచ్చింది. నేను తండ్రీకొడుకులిద్దరి చొక్కా జేబుల్లో తలనొప్పి మాత్రలు, సంచిలో అయోడిన్, దూది, దుప్పటి, ఈత నేర్చుకునేవాళ్ళు నడుముకు కట్టుకునే ఎండు సొరకాయ బుర్రలు రెండు పెట్టుకుని బయల్దేరాను. బుర్రలు కట్టుకోరా అంటే వాడు చేతులు జోడించాడు.

సూర్యలంక ఒడ్డున సైకిళ్ళన్నీ వరసగా నిలబెట్టి ఉన్నాయి. నీలం సైకిలు పక్కన రిబ్కా. పోటీవాళ్ళ సైకిళ్ళు ముందురోజే తెప్పించుకుని, చూసిపెట్టమని ఆ బాపట్ల కుర్రాళ్ళు తోమాసుగారిని పిలిచారట. తండ్రితో వచ్చింది. మా వాడు దూరం నుంచే నమస్కారం పెట్టి నీళ్ళవైపు వెళ్ళిపోయాడు.

విజిల్ వేశారు. తలలన్నీ కెరటాల్లోకి వెళ్ళిపోయాయి.

 "ప్రభువా, ప్రభువా" అనుకుంటూ నీళ్ళ అంచుకి పరుగెత్తాను. చూద్దును గదా, నాకంటే ముందు మోకాళ్ళ లోతులో రిబ్కా నిలబడి ఉంది. చంకలో గాలి నింపిన లారీ ట్యూబు.

"నీకు ఈత వచ్చా?"

"రాదండి."

"మరి ట్యూబెందుకు?"

"ఈత వచ్చినవాళ్ళెవరికైనా ఇచ్చి పంపిద్దామని." ఆ పిల్ల కెరటాల వైపే చూస్తోంది. "ఆంటీ, ఆయన తల కనిపిస్తోందా? నాకు కనిపించట్లేదు."

"అదిగో, ఆ నల్లగా..."

"అది డ్రమ్మండీ. వాళ్ళు కట్టిన గుర్తు."

"అయ్యో ప్రభువా!"

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగేంత గట్టిగా. "రాత్రంతా నిద్రలేదు ఆంటీ. బ్రేకులు, నట్లు, చక్రాల ఊచలు ఒక్కొక్కటీ చూసుకున్నాను. అవి నా చేతిలో ఉంటాయి. ఈ సముద్రం నా చేతిలో లేదు కదా!"

నేను సంచిలోంచి సొరకాయ బుర్రలు తీశాను. ఆమె ట్యూబు చూపించింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నవ్వు రాలేదు. ఏడుపు కూడా సగంలో ఆగింది.

"అదిగో!" అన్నాం ఇద్దరం ఒకేసారి.

వాడు తడి నిక్కరుతో, వగరుస్తూ ఇసకలోంచి పరుగెత్తుకొచ్చి సైకిలెక్కాడు. చివరి నుంచి మూడోవాడు. రోడ్డెక్కి, వంగి, బలమంతా పెట్టి తొక్కడం మొదలుపెట్టాడు.

"మెల్లగా వెళ్ళరా నాయనా!" అని నేను అరిచాను.

"మెల్లగా వెళ్ళండీ!" అని నా పక్కనే అంతకంటే పెద్ద అరుపు.

ఒడ్డున జనం గొల్లున నవ్వారు. రేసులో మెల్లగా వెళ్ళమని అరిచినవాళ్ళను వాళ్ళు ఎప్పుడూ చూసి ఉండరు. రిబ్కా కొంగుతో మొహం దాచుకుంది. నేను తోమాసుగారి దగ్గరికి వెళ్ళాను.

"అన్నయ్యగారూ, మీ అమ్మాయిని మాకిస్తారా?"

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "రేసు అయిపోనివ్వమ్మా. కుర్రాడు క్షేమంగా వస్తాడో లేదో..."

"మీరూ భయపడతారా?"

"మా ఇంట్లో అందరం అంతే."

నా ప్రాణం లేచొచ్చింది. మంచి కుటుంబం.

ఆనందు పరుగు ముగించి వచ్చేసరికి గెలిచినవాళ్ళు టిఫిన్లు కూడా తినేశారు. వచ్చీరాగానే ఇసకలో చతికిలబడ్డాడు. నేను దుప్పటి కప్పి, "ఒరేయ్, అడగరా," అన్నాను.

"ఏ... ఏంటి... అమ్మా?"

"రిబ్కానిరా. అడుగు. నేను సరేనంటున్నాను. ఇప్పుడే అడుగు, మళ్ళీ ఏమవుతుందో ఏమో!"

వాడు రిబ్కా వైపు చూశాడు. నోరు తెరిచాడు. ఊపిరి తప్ప మాట రావడం లేదు. నేను భుజం పట్టుకుని కుదిపాను.

రిబ్కా గబగబా వచ్చి నా చెయ్యి తీసేసింది. "కాసేపు ఊపిరి తీసుకోనివ్వండి అత్తయ్యా!"

అని, నాలుక కరుచుకుంది.

తోమాసుగారు సముద్రం వైపు తిరిగారు. మాస్టారు పేపరు కోసం చుట్టూ వెతికి, దొరక్క, టవలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆనందు ఇసకలోనే వెల్లకిలా పడిపోయి, ఆకాశంకేసి చూస్తూ నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏమైందండీ?" అని రిబ్కా, "గుండె పట్టేసిందా?" అని నేను, ఇద్దరం చెరోవైపు కూలబడి వాడి చేతులు పట్టుకుని నాడి చూడసాగాం.