తూనీగ ఆపేసిన బల్బు

బడి నుంచి వచ్చీ రాగానే, సంచి కూడా దించకుండా, తూనీగ వంటింటి కుళాయి కట్టేసింది.

"టర్న్ ఆఫ్!"

"ఓసి పిడుగా! కూరగాయలు కడుగుతున్నా కనబడట్లేదా?" అంది అమ్మ.

తూనీగ అప్పటికే ముందుగదిలో ఉంది. ఫ్యాన్ ఆగింది. రేడియో నోరు మూసుకుంది. కాలు ఒకచోట నిలవదు కాబట్టే ఆ పిల్లకి అందరూ ఆ పేరు పెట్టారు.

ఇదంతా ఇంగ్లీష్ టీచర్ చలవే. ఇవాళ 'టర్న్ ఆఫ్' అంటే ఆపెయ్యడమని నేర్పారు. కొత్త మాట నేర్పిన రోజు ఆవిడ రాసుకు రమ్మనరు. "ఇంట్లో ఆ పని చేస్తూ ఆ మాట అనండి. ఎక్కువ చోట్ల వాడినవాళ్లే రేపు బడి గంట కొడతారు," అంటారు. గంట కొట్టాలని తూనీగకి ఎన్నాళ్లుగానో ఆశ.

వెనక వరండాలో గుడ్డ కప్పిన చెక్కపెట్టె ఒకటి కొత్తగా కనిపించింది. దాని లోపల పట్టపగలే బల్బు వెలుగుతోంది.

"అయ్యో, కరెంటు దండగ! టర్న్ ఆఫ్!"

టక్కున స్విచ్ నొక్కి, ఆటకి పరుగెత్తింది.

తిరిగొచ్చేసరికి తాతయ్య పెట్టె ముందు దిగులుగా కూర్చుని ఉన్నారు. పెట్టెలో గడ్డి మీద కోడిగుడ్లు.

"పెట్ట పొదగడం మానేసిందని పొద్దున బల్బు పెట్టాను తల్లీ. ఈ వేడి లేకపోతే లోపలి పిల్లలు బతకవు. ఇవాళో రేపో బయటికి వచ్చేవి... కరెంటు గానీ పోయిందా?"

తూనీగ పెట్టెలోకి తొంగి చూసింది. అవునంటే సరిపోతుంది. ఎవరూ చూడలేదు కూడా. కానీ ఆ గుడ్లను చూస్తుంటే అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"నేనే ఆపేశాను తాతయ్యా," అని బావురుమంది.

తాతయ్య గబుక్కున లేచారు. స్విచ్ నొక్కి బల్బు వేశారు.

"ఒక్కమాట అడగాల్సింది కదే! సరే, ఏడుపు తర్వాత. ముందు ఆ టార్చి పట్టుకురా."

చీకటి గదిలో ఒక గుడ్డు వెనక టార్చి వెలిగించారు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. లోపల నల్లటి నీడ మెల్లగా కదిలింది.

"ఉన్నాడే, గట్టిపిండం!" తాతయ్య మొహం విప్పారింది. "మిగతావాటి సంగతి చూద్దాం."

తెల్లారేసరికి ఆ గుడ్డు కొద్దిగా పగిలింది. లోపల్నుంచి సన్నగా కిచకిచమని వినిపించింది. తూనీగకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

బడిలో అందరూ గొప్పలు చెప్పుకున్నారు. తూనీగ వంతు వచ్చింది.

"ఆపకూడనిది ఆపేశాను టీచర్," అని జరిగింది చెప్పింది. గంట వేరే అమ్మాయి కొట్టింది. కాస్త బాధేసింది మరి.

సాయంత్రం టీచర్, "పదండి, ఇళ్లకు. తూనీగా, ఫ్యాన్ టర్న్ ఆఫ్ చెయ్యమ్మా," అన్నారు.

తూనీగ స్విచ్ మీద వేలు పెట్టింది. పెట్టి, వెనక్కి తిరిగింది.

"ఎవరికైనా ఇంకా ఫ్యాన్ కావాలా?"

"ఆగాగు! నా బొమ్మకి రంగు ఆరలేదు!" చివరి బెంచీ నుంచి ఒకడు కాగితం ఊపాడు.

తూనీగ వేలు తీసేసింది. రంగు ఆరేదాకా స్విచ్ పక్కనే నిలబడింది.