ఎడమ పక్క అద్దం

పొద్దున్నే సంతోషి చున్నీ కొనలు చక్రంలో పడకుండా నడుముకు బిగించి దోపుకుంది. హెల్మెట్ చేతిలోకి తీసుకుని చూస్తే, గోడ మేకుకు మోటార్ సైకిల్ తాళంచెవి లేదు. అది తండ్రి బక్కయ్య జేబులో ఉంది.

బక్కయ్య మగ్గాల గల్లీల నుంచి బట్టల మూటలు మోసే టెంపో నడుపుతాడు. సూరత్ రోడ్ల మీద ఆయన చూడని ప్రమాదం లేదు. కూతురికి పల్సానా మిల్లులో ఉద్యోగం వచ్చి, తాముండే ఆల్థాన్ నుంచి బండి మీదే పోయి వస్తానన్నప్పటి నుంచి ఆయనకు తిండి సయించడం లేదు.

"తాళం ఇయ్యి బాపూ. ఆలస్యమైతది."

"బస్సుల పో బిడ్డా. లేకుంటే నౌకరీ బంద్ పెట్టు."

"గిదేం మాట? నేను బండి సక్కగ నడుపుతలేనా?"

నడుపుతుందని ఆయనకు తెలుసు. నిన్న టెంపో వేసుకుని చాటుగా ఆమె వెనకే వెళ్లి చూశాడు. మలుపుకు ముందే వేగం తగ్గించడం, లారీని ఆనుకోకుండా ఎడంగా పోవడం, అబ్బ, చూడ్డానికి ఎంత ముచ్చటేసిందో! ఆ మాట పైకంటే తాళం ఇవ్వాల్సి వస్తుందని నోరు కట్టేసుకున్నాడు.

"నువ్వు మంచిగనే నడుపుతవ్. పెద్ద బండ్లోళ్లకు మీరు కనపడరు. గదే నా భయం."

"మేం కనపడమా, మీరు చూడరా?"

"అడుగు బిడ్డా, గట్టిగ అడుగు" అంది పొయ్యి దగ్గర నుంచి తల్లి గంగవ్వ.

సంతోషి తండ్రి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి, మూటలతో నిండిన టెంపోలో కూర్చోబెట్టింది. తన బండిని తోసుకుంటూ టెంపోకు అవతలి పక్కకు వెళ్లింది.

"బాపూ, నేనేడున్న?"

బక్కయ్య మెడ సాచాడు. ఎడమ అద్దం లోపలికి మడిచి ఉంది. ఇరుకు గల్లీలో గోడకు తగులుతుందని టెంపోవాళ్లంతా అలాగే మడుస్తారు. పెద్ద రోడ్డెక్కాక తెరవాలన్న ధ్యాసే ఉండదు. ఆ పక్క కిటికీకి అడ్డంగా మూట ఒకటి.

"ఎనుకున్నవా?"

"లేను. నీ చక్రం పక్కనే ఉన్న. ఇప్పుడు నువ్వు ఎడమకు తిప్పితే నేను కిందికే."

బక్కయ్య స్టీరింగ్ మీంచి చెయ్యి తీసేశాడు. ఇన్నేళ్లుగా ఇలాగే తిప్పుతున్నాడు. కూతురి కోసం లోకంలోని డ్రైవర్లందరికీ భయపడ్డాడు గానీ, వాళ్లలో తానూ ఒకడినని ఏనాడూ తట్టలేదు. కళ్లు చెమర్చాయి.

దిగి, మూట సర్ది, అద్దం తెరిచాడు. తాళంచెవి కూతురి చేతిలో పెట్టాడు.

"నాకంటె నువ్వే మంచి డ్రైవర్‌వి బిడ్డా. నిన్న నీ ఎనుకనే వచ్చి చూసిన. మస్తు సంబురమైంది."

"నువ్వొచ్చింది నేను చూసిన బాపూ. నా అద్దం తెరిచే ఉంటది" అని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది సంతోషి.

ఆమె వెళ్లాక బక్కయ్య టెంపో తీశాడు. పెద్ద రోడ్డు మీద ఎడమకు తిరగబోతూ ఆగి అద్దంలోకి చూశాడు. హెల్మెట్ పెట్టుకున్న ఎవరో అమ్మాయి స్కూటర్ మీద పక్క నుంచి వస్తోంది. వెనక లారీవాడు హారన్ మోత మొదలుపెట్టాడు.

"జర రుకో భాయ్" అని కిటికీలోంచి చెయ్యెత్తాడు బక్కయ్య. "ఎవలి బిడ్డనో పోతున్నది."