ఆ ఎర్ర కారు ఎవరిది?

“గీతా! చీర ఏదీ?... మేనమామ చీర! కార్లో అన్నీ ఉన్నాయి, చీర పళ్ళెం ఒక్కటే లేదు!”

హాలు దగ్గర్నించి ఫోన్‌లో భర్త రఘు ఒకటే కంగారు. గీతాంజలి పూజగదిలోకి పరుగెత్తింది. అయ్యో రామా!... దీపం పక్కనే ఉంది, ఎర్రంచు ఆకుపచ్చ పట్టుచీర, పసుపు కుంకుమలతో సహా! దేవుడి దగ్గర పెట్టి తీసుకెళ్దాం అన్నది తనే. పొద్దుటి హడావుడిలో ఆ పళ్ళెం కాస్తా దేవుడి దగ్గరే ఉండిపోయింది.

ఆవేళ రఘు అక్క ఉషా కూతురు హంసిక నిశ్చితార్థం. ఉషా వాళ్ళుండేది నాలుగు గంటల దూరంలోని హెర్న్‌డన్‌లో అయినా, మగపెళ్ళివారిది క్యారీ పక్కనే ఉన్న మోరిస్‌విల్ కాబట్టి హాలు ఇక్కడే తీసుకున్నారు. క్యారీలోని తమ్ముడు రఘు ఇల్లు వారం రోజులుగా విడిదిల్లయి కూర్చుంది. వాళ్ళింట్లో ఒక ఆనవాయితీ ఉంది. మేనమామ పెట్టిన చీర కట్టుకుంటేనే పెళ్ళికూతురు పీటల మీద కూర్చోవాలి. చీర లేకపోతే పీట లేదు, పీట లేకపోతే ముహూర్తం లేదు!

“నేనొచ్చి తీసుకెళ్ళేసరికి ముహూర్తం దాటిపోతుంది. ఉబర్ బుక్ చెయ్ గీతా!”

“చూశానండీ, దగ్గర్లో ఒక్కటీ లేదు... నా కారుంది కదా!”

అవతల రఘు గుటక మింగాడు. ఎందుకో గీతాంజలికి తెలుసు. ఆవిడ కారు పేరెత్తితే ఆ ఇంట్లో ఈమధ్య అందరూ అలాగే గుటకలు మింగుతున్నారు.

“సరే... తీసుకురా. కానీ హాలు ముందు వైపు పెట్టకు. వెనకాల, కిచెన్ పక్కన ఎక్కడైనా పెట్టెయ్. అక్క చూస్తే బాగుండదు.”

గీతాంజలి చివుక్కుమన్న మనసుని అక్కడే అణిచేసుకుంది. “అలాగేనండీ,” అంది. పదిహేడేళ్ళ కాపురంలో ఆవిడ ఎక్కువసార్లు అన్న మాట అదే!

ఇంతకీ ఆ కారు చేసిన పాపమేమిటంటే, ముసలిదైపోవడం. ప్యూజో అనే ఫ్రెంచి కారది. చిన్నది, ఎర్రటిది, రెండే తలుపులు. ఒకప్పుడు దాని పరుగు చూసి కుర్రకారు వెర్రెత్తిపోయేవారట. అలాంటిది ఇప్పుడు చుట్టూ చప్పుడు లేని కొత్త కార్ల మధ్య అది దగ్గుతూ బయల్దేరుతుంటే, వీధిలో తలలన్నీ ఇటు తిరుగుతాయి. వారం క్రితం ఉషా దిగీదిగగానే గరాజ్‌లోకి తొంగిచూసి, “ఈ డబ్బా ఇంకా ఉందా? మా తమ్ముడికి గతిలేదనుకుంటారు! అమ్మి పారెయ్యండ్రా!” అంది. ఆడపడుచు మాటంటే మాటలా మరి! రఘు వెంటనే కొనేవాడిని వెతికాడు. రేపు ఆదివారం వచ్చి తీసుకుపోతాడు. గీతాంజలి కాదనలేదు. ఏమని కాదంటుంది? ఆ కారులో గుడికి వెళ్ళినప్పుడు తనకీ ముఖం చెల్లడం మానేసి చాలా కాలమైంది. ఆ మాట పైకి చెప్పుకోలేదంతే.

“అమ్మా, నో! ఆ కార్‌లోనా? అందరూ చూస్తారు!” లంగావోణీలో ముస్తాబైన పదిహేనేళ్ళ కూతురు ఆద్య గరాజ్ గుమ్మంలో ఆగిపోయింది.

“వెనకాల పెడతాలే తల్లీ... ఎవరూ చూడరు. ఎక్కు!”

చీర పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, ఆద్య సీట్లో వీలైనంత కిందికి జారి కూర్చుంది. వీధి దాటేదాకా తల పైకెత్తలేదు. అది చూసి గీతాంజలికి ప్రాణం చచ్చిపోయినట్టయింది. కానీ డేవిస్ డ్రైవ్ రోడ్డు మీదికి మళ్ళి, గేరు మార్చి, కాలు కాస్త గట్టిగా నొక్కేసరికి... ఏమైందో ఏమో! ఇంజను పాత గొంతుతోనే ఒక్కసారి కేక పెట్టి ముందుకి దూకింది. పట్టుచీర కుచ్చిళ్ళు మోకాళ్ళమీదికి లాక్కుని, చెప్పులు విడిచిన పాదాలతో ఆవిడ అలా నడుపుతుంటే, ఆద్య నెమ్మదిగా సీట్లో పైకి జరిగింది.

“అమ్మా... నువ్వు నవ్వుతున్నావ్!”

“నేనా? లేదే!”

“యెస్, నవ్వుతున్నావ్! నువ్వు ఇలా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. ఈ కార్ నీకెలా వచ్చింది? నువ్వెప్పుడూ చెప్పలే.”

ఎవరడిగారు గనక చెప్పడానికి! ఫ్రెంచి ఊరు తూలూజ్‌లో తన మొదటి ఉద్యోగం, అద్దెకున్న ఇల్లు, ఇంటావిడ మదామ్ సిమోన్... అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి, నడుపుతూనే కూతురికి చెప్పుకుపోయింది. అరవై దాటిన విధవరాలు. భర్త మిగిల్చిపోయిన ఈ కారుని ద్రాక్షతోటల దారుల్లో ఝామ్మని తిప్పేది! గీతాంజలికి డ్రైవింగ్ నేర్పింది ఆవిడే. “మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశావో, బండి వెనకభాగం గిర్రున తిరిగిపోతుంది పిల్లా! తిరగబోయే ముందు ఎంత భయపడతావో భయపడు. తిరిగాక మాత్రం కాలు తియ్యకు!” అని అరిచేది. ఎండాకాలం ఆదివారాలు ఈ బానెట్ మీదే గుడ్డ పరిచి గీతాంజలి వడియాలు పెడితే, ఆ ఫ్రెంచావిడ కర్ర పుచ్చుకుని పిట్టల్ని తోలేది! చివరికి కారు అమ్ముతూ ఒకే ఒక్క షరతు పెట్టింది... “నడుపుతానంటేనే ఇస్తాను. దాచిపెట్టుకుంటానంటే ఇవ్వను.”

ఆ తర్వాత పెళ్ళి, అమెరికా. ఉద్యోగం చెయ్యడానికి వీల్లేని డిపెండెంట్ వీసా. తయారై పాతికేళ్ళు నిండితే గానీ అలాంటి కారుని ఈ దేశంలోకి రానివ్వరు. అందాకా అది మదామ్ సిమోన్ కొట్టంలోనే ఎదురుచూసింది. ఓడ దిగి వచ్చిన రోజు, ఎర్రటి కార్పెట్ మీద అదే పెట్రోలు వాసన, అదే ఎండ వాసన! సీట్లో కూర్చుని ఎంత ఏడ్చిందో గీతాంజలి!... ఈ దేశంలో తన పేరు మీద ఉన్న మొదటి వస్తువది. ఆరోజు రఘు కూడా ఎంత మురిసిపోయాడని! గుడికి తీసుకెళ్ళి, చక్రాల కింద నిమ్మకాయలు తానే పెట్టాడు. ఆ రఘు ఎప్పుడు మారిపోయాడో, తనెప్పుడు మారిపోయిందో... ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు.

హాలు వచ్చేసింది. చెప్పినట్టే వెనక్కి తిప్పి, కిచెన్ పక్కన గోడకీ చెత్తడబ్బాలకీ మధ్య సందులో కారుని దాచి, గీతాంజలి పళ్ళెంతో పరుగెత్తింది. ముహూర్తానికి ముందే హంసిక చీర కట్టుకుంది. పీటల మీద మహాలక్ష్మిలా కూర్చుంది! ఉషా ఊపిరి పీల్చుకుని మరదలి చెవిలో, “ఎందులో వచ్చావు? ఎవరూ చూడలేదు కదా?” అని గుసగుసలాడింది.

“లేదు వదినా,” అంది గీతాంజలి తలవంచుకుని. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు లేదూ!

తాంబూలాలు మార్చుకోవడం అయింది. గీతాంజలి ముందు వరసలో పెళ్ళికొడుకు తల్లి శాంతిగారి పక్కన కూర్చుంది. ఆవిడకి అటువైపు ఉషా. ఇంతలో మగపెళ్ళివారి పెద్ద కోటేశ్వరరావుగారు మైకు అందుకున్నారు. ఊళ్ళో ఏ తెలుగువాళ్ళ ఫంక్షన్ అయినా మైకు ఆయనదే!

“ఒక చిన్న అనౌన్స్‌మెంట్ అండీ! కిచెన్ డోర్‌కి అడ్డంగా ఒక ఎర్ర కారు, చిన్న పాత కారు పెట్టారు. కేటరింగ్ వ్యాన్ లోపలికి రాలేకపోతోంది. ఆ ఓనర్ ఎవరో కాస్త వచ్చి మూవ్ చెయ్యాలండీ!”

అది గీతాంజలి కారే! చెయ్యి పర్సులోని తాళంచెవి మీదికి వెళ్ళింది. లేవబోయింది... సరిగ్గా అప్పుడే శాంతిగారు నవ్వుతూ, “మనవాళ్ళలో ఇంకా అలాంటి డబ్బాలు వాడేవాళ్ళున్నారా వదినగారూ?” అన్నారు. ఉషా కూడా నవ్వింది. నవ్వుతూనే, ఆవిడ భుజం మీదుగా మరదలి వైపు చూసింది. కదిలావో చూడు, అన్నట్టున్న చూపు! లేవబోయిన గీతాంజలి అలాగే కూర్చుండిపోయింది.

“రెండోసారి చెబుతున్నానండీ! ఆ ఎర్ర కారు ఎవరిది? పెద్దవాళ్ళు భోజనాలకి వెయిటింగ్!”

వెనక వరసలో ఆద్య తల్లినే చూస్తోంది. ఆ చూపు వీపుకి తగులుతూనే ఉంది. అయినా గీతాంజలి తల తిప్పలేదు. పైపెచ్చు, ఎవరిదో మరి అన్నట్టు నలుగురితో పాటు తనూ అటూ ఇటూ చూసింది! అయ్యో!... ఎంత పని చేసింది! తన చేతులతో వడియాలు పెట్టుకున్న కారు, ఇప్పుడే హంసిక చీర మోసుకొచ్చిన కారు!

“ఎవరూ లేరా? సరే, చిన్నదేగా! మగాళ్ళు నలుగురు రండయ్యా, ఎత్తి పక్కన పెట్టేద్దాం!”

పక్క కిటికీలోంచి వెనక సందు కనబడుతూనే ఉంది. నలుగురు పట్టుపంచెలు ఎగ్గట్టుకుని కారు చుట్టూ చేరారు. ఒకటే నవ్వులు! “హైలెస్సా!” అని వెనకభాగం పైకెత్తారు, దించారు, మళ్ళీ ఎత్తారు. మూడోసారి పట్టుజారి అది పక్కనున్న ఇనుపస్తంభానికి కొట్టుకుంది. ఫటేల్‌మన్న చప్పుడు హాల్లోకి వినబడింది. ఎర్రటి లైటు ముక్క రాలి కిందపడింది. అప్పుడు తల పక్కకి తిప్పి, చేతులు దులుపుకుంటూ నవ్విన నాలుగో మనిషిని చూసి, గీతాంజలికి కళ్ళు బైర్లు కమ్మాయి.

రఘు!

తనదని తెలిసీ, తెలియనివాడిలా అందరితో కలిసి భార్య కారుని ఎత్తుతున్నాడు! ఆవిడకి కోపం రావలసింది. కానీ రాలేదు. ఏ ముఖం పెట్టుకుని కోప్పడుతుంది? ఆయన బయట చేస్తున్నదే కదా, తను లోపల చేస్తున్నది! భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది.

అంతలో మైకులో సన్నని గొంతు వినబడింది.

“హలో... అది... ఆ రెడ్ కార్ మా అమ్మది.”

ఆద్య! వోణీ భుజం మీంచి జారిపోతున్నా పట్టించుకోకుండా, కోటేశ్వరరావుగారి చేతిలోంచి మైకు తీసేసుకుని నిలబడి ఉంది.

“ప్లీజ్ ఎవరూ లిఫ్ట్ చెయ్యద్దు, దానికి దెబ్బ తగులుతుంది. కీస్ అమ్మ దగ్గరే ఉన్నాయి. హంసిక వదిన శారీ మేము ఆ కార్‌లోనే తెచ్చాం. ఇందాక నేను కూడా... నేను సీట్లో దాక్కున్నాను. ఐ యామ్ సారీ అమ్మా.”

హాల్లో తలలన్నీ ముందు వరస వైపు తిరిగాయి. గీతాంజలి కళ్ళవెంట ధారలు కట్టాయి. దాక్కోవడం ఆ పిల్లకి నేర్పిందెవరు? మలుపు మధ్యలో కాలు తియ్యకూడదని దారిలో గొప్పగా కథలు చెప్పిందే, ఆ తల్లే కదా! ఆవిడ లేచింది. అందరి చూపులూ ఒంటి మీద పడుతుంటే, పర్సులోంచి తాళంచెవి తీసి చేత్తో పట్టుకుని, వరసల మధ్యలోంచి నడిచి వెళ్ళింది.

బయట మగవాళ్ళు సర్దుకుని పక్కకి తొలిగారు. రఘు ఒక్కడే మిగిలాడు. కండువాకి మసి. చేతిలో పగిలిన లైటు ముక్క.

“గీతా... నేను... వాళ్ళు పిలిచారు. కాదంటే తెలిసిపోతుందని...” తన చేతుల వైపు చూసుకున్నాడు. “నిమ్మకాయలు పెట్టిన చేతులే గీతా ఇవి!”

“మీరు ఎత్తారు. నేను కూర్చుని చూశాను. ఎవరినెవరు అనాలండీ?” అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. “రేపు వచ్చేవాళ్ళకి ఫోన్ చేసి, రావద్దని చెప్పండి.”

రఘు తలాడించాడు. ఆ ముక్కని జేబురుమాల్లో చుట్టి, ఏదో నగని ఇచ్చినట్టు జాగ్రత్తగా ఆవిడ చేతిలో పెట్టాడు.

కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది. వ్యాన్‌కి దారి ఇచ్చి, గీతాంజలి దాన్ని మళ్ళీ వెనక్కి పెట్టలేదు. ముందుకి తీసుకొచ్చి, హాలు గుమ్మానికెదురుగా, పెద్ద పెద్ద కార్ల వరసలో పెట్టింది. తాళంచెవి చేతిలో పట్టుకునే దిగింది.

భోజనాలయ్యాక సాగనంపడానికి అందరూ గుమ్మం దగ్గర చేరారు. శాంతిగారు కారు వైపు చూసి, “ఇందులోనేనా మా కోడలి చీర వచ్చింది? ఎవరిదండీ ఇది?” అన్నారు. అంతా విని కూడా ఆవిడ అడిగింది ఉషానే. ఉషా ముఖం ఎర్రబడింది. ఒక క్షణం ఆగి, నేల చూపులు చూస్తూ, “మా మరదలిదండీ,” అంది. ఆ తర్వాత గీతాంజలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అమ్మా, కీస్ ఇస్తావా? లర్నర్స్ పర్మిట్ ఉందిగా, నాకు నేర్పు. ఇప్పుడే!” అంది ఆద్య.

“ఇప్పుడా? ఇంతమంది ముందా?”

“యెస్.”

ఆద్య డ్రైవింగ్ సీట్లో కూర్చుంది. రఘు కిక్కురుమనకుండా ముడుచుకుని వెనక సీట్లో దూరాడు. క్లచ్ వదలగానే కారు ఒక్క గెంతు గెంతి, దగ్గి, గుమ్మానికెదురుగా, మగపెళ్ళివారందరి ముందూ టక్కున ఆగిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. అలవాటు ప్రకారం గీతాంజలి భుజాలు కిందికి జారబోయాయి... పక్కకి చూసింది. కూతురి చెవులు ఎర్రగా కందిపోయాయి. కానీ పిల్ల తల నిటారుగానే ఉంది.

గీతాంజలి సర్దుకుని నిటారుగా కూర్చుని, కిటికీ అద్దం పూర్తిగా కిందికి దించింది.

“ఏం పర్లేదు తల్లీ. మళ్ళీ తిప్పు.”