వేలెడంత ఎడం

వినికిడి మిషను బ్యాటరీకి అంటించి ఉండే నారింజ రంగు స్టిక్కరును పీకడమంటే గీతకు చెప్పలేనంత ఇష్టం. మినపగింజ కన్నా కాస్త పెద్దదిగా ఉండే ఆ బ్యాటరీని అరచేతిలో పెట్టుకుని, స్టిక్కరు తీసి, గాలి తగలనిచ్చి, మనసులో ఒకటి నుంచి అరవై దాకా లెక్కపెట్టేది. పది రోజులకొకసారి వచ్చే ఆ నిమిషం ఆ ఇంట్లో ఆమెకు దొరికే తీరిక. ఆ నిమిషంలో ఎవరూ ఆమెను గట్టిగా మాట్లాడమని అడగరు.

పెళ్ళయి నాలుగు నెలలు. అరసికెరె నుంచి బలసముద్రానికి కోడలుగా వచ్చేటప్పుడు చీరలతో పాటు గొంతు కూడా ఇంకొకటి తెచ్చుకోవలసిందని ఆమెకు తెలియదు. మామ వెంకటరాముడికి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి మిషను. కొడుకు పెళ్ళి మంత్రాలు వినాలని పెళ్ళికి ముందు తుమకూరు వెళ్ళి పెట్టించుకున్నాడు. మిషను ఉన్నా ఆయనతో ఒక మాట రెండుసార్లు చెప్పాలి. అత్త కెంచమ్మ ముప్పై ఏళ్ళు అరిచి అరిచి అలసిపోయింది. కోడలు రాగానే ఆ పనిని, పొయ్యిని కలిపి అప్పగించేసింది.

"మామా, మిషను."

వెంకటరాముడు దాన్ని చెవి వెనక తగిలించుకుని, తల అటూ ఇటూ ఆడించి, కాఫీ లోటా అందుకున్నాడు. భూమంతా సోలారు పలకల కిందికి పోయాక ఆయనకు మిగిలిన పని పద్నాలుగు గొర్రెలు. చద్దిమూట భుజాన వేసుకుని, బటన్ల ఫోను చొక్కా జేబులో పెట్టుకుని, తొమ్మిదికల్లా వాటిని తోలుకుని బయలుదేరుతాడు.

"ఫోను ఎత్తండి మామా. ఎత్తకపోతే నాకు గుండె దడ."

"ఎత్తుతాలేమ్మా," అన్నాడు ఆయన, రెండోసారికి.

గీత రోజుకు మూడుసార్లు ఫోను చేసేది. పదకొండుకు, ఒంటిగంటకు, మూడున్నరకు. తింటిరా, యాడుండారు, ఎప్పుడొస్తారు. ఆయన ప్రతిసారీ ఎత్తేవాడు. జవాబు చెప్పి పెట్టేసేవాడు. ఒక్కసారైనా 'నువ్వు తిన్నావామ్మా' అని అడగలేదు. మొదటి నెలలో అది ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. ఆ మాట భర్తతో అంటే భరత్‌కుమార్ షూ లేసులు విప్పుతూ నవ్వాడు.

"నీకైనా జవాబు చెప్తాడు. నేను చేస్తే ఎత్తనే ఎత్తడు. కోడలు రాణి, కొడుకు కూలోడు."

సోలారు ప్లాంటులో టెక్నీషియన్ పని అతనిది. ఇద్దరు సెలవులో ఉన్నారని ఆ నెల రెండు షిఫ్టులు చేస్తున్నాడు. ఇంటికి వస్తే కూర్చున్నచోటే నిద్రపోయేవాడు. అలా నిద్రపోయినప్పుడు అతని నుదుటి మీద హెల్మెట్ చేసిన గీతను చూపుడువేలితో తడమడం కూడా గీతకు ఇష్టమే.

ఆ రోజు పదకొండు కాకముందే భరత్ ఫోను చేశాడు.

"గీతా, ఈ పొద్దు పెద్దరోడ్డులో ట్రాన్స్‌ఫార్మర్లు మోసే ట్రైలర్లు తిరుగుతాండాయి. నీళ్ళ ట్యాంకర్లు కూడా ఎక్కువ. నాయనను రోడ్డు మీదికి పోవద్దను. ప్లాంటు కంచె పక్క బాటలో తోలుకోమను."

"మీరే చెప్పొచ్చు కదా."

"నేను చేస్తే ఎత్తడంటి కదా."

గీత వెంటనే మామకు చేసింది. "మామా, పెద్దరోడ్డు మీదికి పోవద్దండి. లారీలు వస్తాండాయంట."

"తిన్నానమ్మా. కంచె కాడుండా. నాలుక్కొస్తా," అన్నాడు ఆయన. ఫోను పెట్టేశాడు.

కంచె కాడుండా అన్నాడు కాబట్టి అర్థమయిందని అనుకుంది గీత. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. అత్తకు మోకాళ్ళ నొప్పి ఎక్కువై ఉదయం నుంచి మంచం దిగలేదు. బట్టలు నానుతున్నాయి. ఒంటిగంటకు ఫోను చేయడం కూడా మరిచిపోయింది. మూడున్నరకు గుర్తొచ్చి, తడి చేతిని కొంగుకు తుడుచుకుని నంబరు నొక్కింది.

మోగింది. ఎత్తాడు. "తిన్నానమ్మా. కంచె..." అన్నంతలో ఏదో పెద్ద హారన్. చక్రాలు కీచుమన్న చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

అరగంట తర్వాత నీళ్ళ ట్యాంకరు వచ్చి ఇంటి ముందు ఆగింది. డ్రైవరు బొమ్మన్న ముందు దిగి, వెంకటరాముడిని చెయ్యి పట్టి దించాడు. పంచె మోకాలి దగ్గర చిరిగి రక్తం. మొహం నిండా దుమ్ము. వెనక గొర్రెలను ఎవరో తోలుకొస్తున్నారు. పదమూడే ఉన్నాయి.

"హారను కొట్టి కొట్టి నా చెయ్యి నొచ్చిందక్కా," అన్నాడు బొమ్మన్న, మంచం దిగి వచ్చిన కెంచమ్మ వైపు తిరిగి. "రోడ్డు నడిమధ్యన నిలబడి ఫోన్లో మాట్లాడతాండాడు. తిరిగి చూస్తేనా. నేను పక్కకు తిప్పినా, నల్లచెవుల గొర్రె అడ్డమొచ్చింది. ఆయప్ప కాలవలో పడినాడు. ఇంకొక మూర ఇటు పడింటే నేను జైల్లో ఉండేవాణ్ణి, మీరు ఏడుస్తా ఉండేవాళ్ళు."

ఆ ఫోను చేసింది గీతే. బొమ్మన్నకు మంచినీళ్ళ చెంబు అందిస్తూ ఆ మాట చెప్పబోయి చెప్పలేకపోయింది.

కబురు అంది భరత్ బండి మీద వచ్చేసరికి కెంచమ్మ నొప్పుల మోకాళ్ళ మీదే కూర్చుని భర్త మోకాలికి పసుపు పెడుతోంది. భరత్ హెల్మెట్ కూడా తీయలేదు.

"చాలు నాయనా, ఇంక చాలు. రేపు పొద్దున గొర్రెలు కొనే సంజీవప్పను పిలుస్తా. అన్ని గొర్రెలూ తోలుకుపోనీ. ఫోను కూడా ఇట్లియ్యి. ఇంట్లో కూచో."

"నిదానంగా మాట్లాడప్పా," అంది కెంచమ్మ.

"నిదానంగా మాట్లాడితే ఎవరికి వినపడుతుందమ్మా ఈ ఇంట్లో? పదహారు గంటలు పని చేసి వచ్చి, ఈయన శవాన్ని యాడ వెతకాల్నో అని నేను భయపడాల్నా? చెవి వినపడనోడికి గొర్రెలు ఎందుకు, ఫోను ఎందుకు?"

వెంకటరాముడు కొడుకు మొహం వైపు, భార్య మొహం వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. కొట్టంలో గొర్రెలు అరుస్తుంటే అటు చూడలేదు. గీతకు అప్పుడు కనిపించింది. ఆయన చెవి వెనక ఏమీ లేదు. కుడి పిడికిలి బిగించి ఉంది.

"ఏమంటాడమ్మా వాడు?" అన్నాడు ఆయన గీతతో.

ఇంట్లో అందరి మాటలూ ఆయనకు చేరవేసేది తనే. ఈ మాట మాత్రం ఎలా చేరవేయాలి? భూమి పోయాక ఆ మనిషిని పొద్దున్నే లేపుతున్నవి ఆ గొర్రెలే. గీత ఆయన పిడికిలి విప్పింది. చెమటలో తడిసిన మిషను అరచేతికి అంటుకుని ఉంది. కొంగుతో తుడిచి, చెవికి తగిలించింది.

"మిషను చేతిలో ఎందుకుంది మామా?"

ఆయన చెవి తడుముకున్నాడు.

"ఫోను చెవికి పెడితే కుయ్యిమని అరుస్తాదమ్మా. చెవిలో సూది గుచ్చినట్టుంటాది. అందుకే ఫోనొచ్చినప్పుడు తీసేస్తా."

"తీసేస్తే మీకేమీ వినపడదు కదా."

"వినపడదు."

"మరి రోజూ నాకు జవాబు చెప్తాండారే."

"నువ్వడిగేవి మూడే కదమ్మా," అన్నాడు ఆయన, తప్పు దొరికిపోయిన వాడిలా తల వంచుకుని. "తింటిరా, యాడుండారు, ఎప్పుడొస్తారు. వరసగా చెప్పేస్తా. భరత్తు ఏమడుగుతాడో తెలీదు, అందుకే వాడిది ఎత్తను. నీది ఎత్తకపోతే నువ్వు భయపడతావు. అందుకని యాడుండేవాణ్ణి ఆడ్నే నిలబడి ఎత్తుతా."

కెంచమ్మ పసుపు వేళ్ళు మోకాలి మీదే ఆగిపోయాయి. గీత అక్కడే నేల మీద కూలబడి, మామ పాదాల దగ్గర తల వంచుకుని ఏడ్చింది. నాలుగు నెలలుగా మూడు పూటలా ఆమె ప్రేమగా చేసిన ఫోను, మూడు పూటలా ఆయనను చెవులు రెండూ మూసి రోడ్డు మీద నిలబెట్టింది.

భరత్ హెల్మెట్ తీసి గట్టు మీద పెట్టాడు. తండ్రి పక్కన కూర్చున్నాడు. "ఇది ముందే చెప్పొచ్చు కద నాయనా," అన్నాడు.

"చెప్తే మిషను దండగన్నట్టవుతాది. నీ పెళ్ళికని తెచ్చుకున్నది."

సంజీవప్ప పేరు ఆ సాయంత్రం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు.

మరునాడు పొద్దున మిషను డబ్బాలో మడిచి ఉన్న కాగితం తీసింది గీత. ఇన్నాళ్ళూ దాన్ని ఎవరూ విప్పలేదు. మడతలు కూడా నలగలేదు. కాగితం మీద ఉన్న తుమకూరు నంబరుకు ఫోను చేస్తే జలజ మేడం ఎత్తింది. మిషను పెట్టింది ఆమే. విషయమంతా వింది.

"అయ్యో, అందరూ చేసే తప్పే అది. ఫోను చెవి రంధ్రానికి ఆనిస్తే అరుస్తుంది. వినేది చెవి కాదమ్మా, వెనకుండే మిషను. దాని మైకు పైకొనలో ఉంది. ఫోనులో మాట వచ్చే చోటు ఆ మైకు దగ్గరికి రావాలి. ఆనించకూడదు, కాస్త ఎడం ఉండాలి. కుదరకపోతే స్పీకరు పెట్టుకోమను. ఇంకొకటి, నడుస్తా, రోడ్డు మీద ఫోను వద్దే వద్దు. మిషను ఉన్నా మనసు ఫోన్లోనే ఉంటుంది."

గీత ఆ మాటలు అత్తకు చెప్పి, తన ఫోను పట్టుకుని పెరట్లోకి పోయి మామ ఫోనుకు చేసింది. వెంకటరాముడు వసారాలో కూర్చున్నాడు. కెంచమ్మ ఆయన చెవి పక్కన నిలబడి ఫోనును జరిపింది.

"అరుస్తాంది," అన్నాడాయన.

"పైకెత్తు. ఇంకా పైకి. చెవికి కాదప్పా, నెత్తికి పెట్టినట్టు పెట్టు," అంది కెంచమ్మ. "ముప్పై ఏళ్ళు నేను అరిచినా కదలలేదు ఈ తల. ఇప్పుడన్నా వంచు."

మిషను ఇంకా అరిచింది. కెంచమ్మ ఫోనును వేలెడంత ఎడం చేసింది. అరుపు ఆగింది.

పెరట్లో నుంచి గీత మామూలు గొంతుతో, నాలుగు నెలల్లో మొదటిసారి మామూలు గొంతుతో అడిగింది. "మామా, ఈ పొద్దు ఏం వండమంటారు?"

జవాబు వసారాలో నుంచీ ఫోనులో నుంచీ ఒకేసారి వచ్చింది. "చెనక్కాయ చట్నీ చెయ్యి. రాగిముద్దలోకి."

భరత్ తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. తండ్రి ముందుకు వచ్చి కూర్చుని, ఒక్కొక్క మాటా ఆగి ఆగి చెప్పాడు. "రోడ్డు మీద ఎత్తేది లేదు. గీత రెండు రింగులిచ్చి పెట్టేస్తాది. నువ్వు గొర్రెలను కంచెకు చేర్చి, కంచెకు వీపు ఆనించి నిలబడి, అప్పుడు చెయ్యి. గంటైనా పర్వాలేదు. మిషను తీసేది లేదు. ఒప్పుకుంటే గొర్రెలుంటాయి."

"కోడలిదేనా, నీదీ ఎత్తాల్నా?" అన్నాడు వెంకటరాముడు కోడలి వైపు చూస్తూ.

"ముందు నాది ఎత్తు నాయనా," అన్నాడు భరత్. నవ్వాడు.

పదకొండుకు గీత రెండు రింగులిచ్చి పెట్టేసింది. ఫోనును బియ్యం డబ్బా మీద పెట్టి, దాన్నే చూస్తూ కూర్చుంది. పది నిమిషాలు. ఇరవై. ఇంకా చేయలేదే అని భయం వేసింది. ఆ భయాన్ని మింగడమే ఇకమీదట తన వంతు పని అని సర్దిచెప్పుకుంది. పావుతక్కువ పన్నెండుకు ఫోను మోగింది.

ఆమె కావాలనే వరస మార్చింది. "ఎప్పుడొస్తారు మామా?"

"నాలుక్కు," అన్నాడు ఆయన. వెనక గొర్రెల అరుపులు, గాలి. "కంచెకు ఆనుకునే ఉండా."

"తింటిరా?"

"ఇంకా లేదు. మూట విప్పాల."

ఆ రెండు జవాబులకే ఆమె కళ్ళు నిండాయి. మూడో ప్రశ్న మరిచిపోయింది. ఈసారి వెంకటరాముడే, వచ్చే జవాబు ఇక తనకు వినపడుతుందని తెలిసిన మనిషిలా నింపాదిగా అడిగాడు.

"నువ్వు తిన్నావామ్మా?"

గీత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పొద్దుటి నుంచి కాఫీ తప్ప ఏమీ ముట్టలేదు.

"ఇంకా లేదు మామా."

"తిను పో. తిని రెండు రింగులియ్యి. నేను చేస్తా."