ఉర్బాన్ బల్ల

కొండను తొలిచి కట్టిన నేలమాళిగలు మా హైడెన్‌బాఖ్‌లో చాలానే ఉన్నాయి. చలికాలమంతా బీరు పీపాలు మంచుగడ్డల మధ్య నిద్రపోయేది వాటిలోనే. అన్నిటిలోకీ మనుషులు వెళతారు, వస్తారు. ఉర్బాన్ మాళిగ వైపు మాత్రం... పొద్దుగూకితే పిల్లి కూడా పోదు.

ఉర్బాన్ అని ఒక ముసలాయన అక్కడ బీరు కాచేవాడట. ఊరి పరీక్షకులు ఆయన బీరు పనికిరాదన్నారు. పీపాలన్నీ ఆయన కళ్లెదుటే పగలగొట్టి వీధిలో పారబోశారు. ఆ దిగులుతో మాళిగలోని పరీక్ష బల్ల మీద కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. అప్పట్నుంచీ ఆ బల్ల మీద ఎవరు కూర్చున్నా లేవనివ్వడని పేరు.

ఇదంతా నాకు చెప్పింది మా అమ్మమ్మ వాల్‌బుర్గ. తాత బతికున్నప్పుడు గుసగుసగా చెప్పేది. పోయాక గొంతెత్తి చెప్పింది.

మా తాత కిలియన్ పీపాలకు ఇనుపకట్లు బిగించే కూలివాడిగా మొదలెట్టాడు. దెయ్యం పుణ్యమా అని చవగ్గా వస్తోందని ఆ మాళిగ కొనేశాడు. "దెయ్యం ఏం తాగుతుంది, మహా అయితే ఓ ముంత!" అని సత్రంలో అందరి ముందూ తొడగొట్టాడట. వ్యాపారంలో ఆయనకు ఆయనే సాటి. నోరు మాత్రం అదుపులో ఉండేది కాదు.

ఆ ఏడు ఆయన తొలి వసంతపు బీరు సిద్ధమైంది. తెల్లవారితే పరీక్ష. నెగ్గితే బీరు కాచే హక్కు దక్కుతుంది. ఓడితే పీపాలు వీధిపాలు, తాత మళ్లీ ఇంకొకరి కొట్లో సుత్తి పట్టాల్సిందే. ఆయనకు కాలు నిలవలేదు. ఒక్క గుక్క రుచి చూసొస్తానని కొవ్వొత్తీ ముంతా పట్టుకుని చీకటి పడ్డాక కొండెక్కాడు.

తలుపు కిర్రుమంది. లోపల చలి...

బల్లకు ఎగువన గోడ అరలో ఉన్న పీపా కొళాయి తిప్పి ముంత నింపుకుంటున్నాడు. వెనక ఎక్కడో — గుడగుడా... గుడగుడా...

తాత ఉలిక్కిపడ్డాడు. సగం బీరు ఒలికింది. కొళాయి కట్టానో లేదో కూడా చూసుకోలేదు. దొరికిన చోట కూలబడ్డాడు. కొవ్వొత్తి కిందపడి ఆరిపోయింది.

చీకట్లో తడిమి చూసుకుంటే తెలిసింది... తాను కూర్చున్నది ఉర్బాన్ బల్ల మీద.

టప్... టప్... టప్...

ఎవరో మెల్లగా నడిచి వస్తున్నట్టుంది.  తాత చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు. చివరికి ధైర్యం కూడగట్టుకుని లేవబోయాడు.

లేవలేకపోయాడు.

వెనక నుంచి ఎవరో — గట్టిగా — పట్టుకున్నారు!

"ఉర్బాన్ తాతా..." అన్నాడు పీలగొంతుతో. "వదిలెయ్ తాతా. పెళ్లాం ఉన్నవాణ్ణి."

వదల్లేదు.

"నీ బీరు కుడితి అని నేను అన్నది నిజమే. సత్రంలో అందరూ అంటుంటే నేనూ అన్నాను. తప్పైపోయింది!"

ఊహూఁ.

"ఏటా మొదటి ముంత నీకే పోస్తాను. ఒట్టు!"

అయినా పట్టు సడల్లేదు. ఇక తాత ఆలస్యం చేయలేదు. భుజాల పట్టీలు విప్పాడు. తోలు లాగు దెయ్యానికే వదిలేసి, పొడుగు చొక్కాతో కొండ దిగి పరుగో పరుగు.

చర్చిలో ప్రార్థన ముగించుకుని వస్తున్న ఆడవాళ్లు చూశారు... తెల్లటి చొక్కా, కింద ఉత్త కాళ్లు! వాళ్ల కేకలకు ఊరు ఊరంతా తలుపులు బిగించుకుంది.

అమ్మమ్మ తలుపు తీసింది. పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏమయ్యా, లాగేదీ?"

"ఉర్బాన్ ఉంచేసుకున్నాడే..."

"వాడికెందుకూ, దెయ్యాలకు కాళ్లే ఉండవుగా?"

తెల్లవారాక పరీక్షకులు వచ్చారు. వాళ్ల పెద్ద ఎండ్రెస్ మాళిగ గుమ్మంలోనే నిలబడిపోయాడు. అమ్మమ్మ లాంతరు పట్టుకుని ముందు నడిచింది. బల్ల మీద తాత లాగు ఉంది. అమ్మమ్మ దాన్ని పట్టి లాగితే... లాగుతోపాటు బల్ల కూడా లేచింది!

ఎండ్రెస్ వంగి, తడిని వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. వెనక పీపాల్లో పులుస్తున్న బీరు గుడగుడమంటోంది, పైన కొళాయి ఇంకా టప్ టప్‌మని కారుతోంది. ఆయన పకపకా నవ్వాడు.

"ఒరే కిలియన్, మేం పరీక్ష ఎలా చేస్తాంరా?"

వెనకే వచ్చిన తాత నెత్తి కొట్టుకున్నాడు. ఊళ్లో చంటిపిల్లలకైనా తెలుసు. బల్ల మీద బీరు పోస్తారు. తోలు లాగులతో దానిమీద కూర్చుని తాగుతారు. లేచేటప్పుడు బల్ల అంటుకుంటే బీరు చిక్కగా ఉన్నట్టు, నెగ్గినట్టు. భయంలో ఆయనకు తన వృత్తే గుర్తురాలేదు!

"బల్ల మనిషిని పట్టుకుంటే చాలు," అన్నాడు ఎండ్రెస్. "ఇది లాగే ఊడబీకింది. ఇంక నేను కూర్చోను బాబూ, నాకున్నది ఇదొక్కటే."

అలా నెగ్గిన బీరు తర్వాత రైలెక్కి న్యూరెంబర్గ్ దాకా పోయింది. తాత పెద్ద షావుకారయ్యాడు. ఆ లాగు ఇప్పటికీ మా సత్రం గోడకు వేలాడుతోంది.

కానీ ఆ రోజు అమ్మమ్మ ఇంకోటి చూసింది. బల్లంతా తడే. లాగు పక్కన మాత్రం — ఒక మనిషి కూర్చునేంత మేర — పొడిగా ఉంది.

ఆమె ఒక ముంత నింపి అక్కడ పెట్టింది. ఒట్టు ఒట్టే కదా. ఏటా పెడుతూనే వచ్చింది. తెల్లారేసరికి ముంత ఖాళీ.

"తాతే తాగేవాడేమో అమ్మమ్మా?" అన్నాను.

"నేనూ అదే అనుకునేదాన్నే," అంది గొంతు తగ్గించి. "మీ తాత పోయి నాలుగేళ్లు... మొన్న కూడా ఖాళీయే."