ట్రైలోబైట్ మంచం

ఠక్!

ఆ శబ్దం వినగానే వెండులాకి అర్థమైపోయింది. దెబ్బ తప్పింది.

చేతిలోని పలుచటి రాయి ముక్కలైంది. ఇప్పటిదాకా దాని మీద ఒక ట్రైలోబైట్ ఉంది. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పాకి, ఆ తర్వాత రాయిగా మారిపోయిన చిన్న పురుగు. అమ్మ చిటికెనవేలి గోరంత ఉంటుంది. ఇప్పుడు నడుము ఒక ముక్కలో, తోక ఇంకో ముక్కలో ఉన్నాయి. తల ఎక్కడికో ఎగిరిపోయింది.

పోనీ అది తనదా అంటే, కాదు. తమ్ముడు లూమీర్‌ది.

ఆదివారం వస్తే యింత్సె కొండ నిండా ట్రైలోబైట్ల కోసం వచ్చినవాళ్ల సుత్తుల చప్పుడే. వెండులా పొద్దుట్నుంచీ వంచిన నడుం ఎత్తకుండా రాళ్లు కొట్టింది. ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు.

"నీ దెబ్బలకి కొండకి తలనొప్పి వచ్చింది గానీ, నీకు పురుగు మాత్రం రాలేదు," అని క్లాస్‌మేట్ ద్రాహోష్ ఏడిపించాడు కూడా.

లూమీర్‌కి ఆరేళ్లు. వాడు ఆడుతూ పాడుతూ ఒకే ఒక్క రాయి కొట్టాడు. అది పుస్తకంలా రెండుగా విచ్చుకుంది. ఒక పలక మీద ట్రైలోబైట్. రెండో పలకలో దాని అచ్చు, చిన్న గుంటలా.

"వీడు నా పురుగు. ఈ గుంట వీడి మంచం," అన్నాడు లూమీర్ మురిసిపోతూ.

"ఇలా ఇవ్వు. వీడి బుగ్గ మీద రాతి పెచ్చు అంటుకుని ఉంది. తీసేసి ఇస్తా."

"వద్దక్కా. అలాగే బాగున్నాడు."

"నీకేం తెలుసురా? ఇటివ్వు!"

వాడు ఇచ్చాడు. మంచం మాత్రం పట్టుకుని, కింద ఉన్న నాన్నకి చూపించడానికి పరిగెత్తాడు. వాడు అటు వెళ్లగానే ఇటు దెబ్బ పడింది.

అడుగుల చప్పుడు. వాడు తిరిగొచ్చేస్తున్నాడు! వెండులా గబుక్కున రెండు ముక్కల్నీ కోటు జేబులో దాచేసింది.

"అక్కా, వాడేడీ?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

"చెయ్యి జారిపోయాడురా. అదిగో, అటు కిందికి," అంది వాలు వైపు వేలు చూపించి.

ఆ వాలు నిండా బూడిదరంగు రాతి ముక్కలే. అన్నీ ఒకేలా ఉంటాయి. లూమీర్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక ముక్క తీశాడు. మంచంలో పెట్టి చూశాడు. పట్టలేదు.

"నువ్వు కాదు," అని పక్కన పెట్టాడు. ఇంకోటి తీశాడు. "నువ్వూ కాదు."

నాన్న వచ్చాడు. "ఎక్కడ జారిందో సరిగ్గా చూపించమ్మా," అన్నాడు.

వెండులా వేలు ఇంకాస్త కిందికి చూపించింది. నాన్న అక్కడ వంగి వెతకసాగాడు. ద్రాహోష్ కూడా వచ్చి చేరాడు. "మనమే పెద్ద సైజు ట్రైలోబైట్లలా పాకుతున్నాం," అని నవ్వించబోయాడు. ఎవరూ నవ్వలేదు. తన రాళ్లేవో తను కొట్టుకుంటున్న ఒక ముసలావిడ కూడా సుత్తి పక్కన పెట్టి, కళ్లజోడు సర్దుకుని వంగింది.

అందరూ వెతుకుతున్నారు. వెండులా కూడా వెతుకుతున్నట్టు నటించింది. వంగినప్పుడల్లా జేబులోని ముక్కలు తొడకి గుచ్చుకున్నాయి.

మధ్యాహ్నం నాన్న బ్రెడ్డు మధ్య వేయించిన మాంసం పెట్టి ఇచ్చాడు. లూమీర్ ముట్టలేదు.

"వాడు దొరికాక తింటా."

వెండులా తన బ్రెడ్డుని మళ్లీ సంచిలో పెట్టేసింది.

సాయంత్రం వాన మొదలైంది. వాలు మీది మట్టి పాయలు పాయలుగా కారుతోంది. కొండ ఖాళీ అయిపోయింది.

"లూమీర్, రైలు వెళ్లిపోతుంది. పదరా," అంటూ నాన్న వాణ్ణి ఎత్తుకున్నాడు.

"వద్దు నాన్నా! వాడు వానలో ఉన్నాడు!" లూమీర్ కాళ్లు కొట్టుకుంటూ ఏడ్చాడు. "మంచం నా దగ్గరుంది! వాడెక్కడ పడుకుంటాడు?"

వెండులా ఇక తట్టుకోలేకపోయింది. జేబులో చెయ్యి పెట్టింది.

"వాడు జారిపోలేదు. నేనే పగలగొట్టాను."

నాన్న వాణ్ణి కిందికి దించాడు. వెండులా వానలో మోకాళ్ల మీద కూర్చుని, తమ్ముడి చేతిలోని గుంటలో ముక్కలు పెట్టింది. నడుము సరిగ్గా పట్టింది. తోకా పట్టింది. తల ఉండాల్సిన చోట వాననీళ్లు నిండాయి.



"తలేదీ?" అన్నాడు లూమీర్.

"కొట్టినప్పుడు ఎగిరిపోయింది. పైన, ఆ నల్ల బండ దగ్గర."

లూమీర్ పైకి చూశాడు. తర్వాత తను పొద్దంతా పాకిన వాలు వైపు చూశాడు.

"మరి మనం ఇక్కడెందుకు వెతికాం?"

వెండులా అప్పుడే నిజం చెప్పి ఉంటే అందరూ పైనే వెతికేవాళ్లు. అప్పటికి వాన లేదు. నేల పొడిగా ఉంది.

వెండులా నల్ల బండ దగ్గరికి పరిగెత్తింది. బురదలో వేళ్లు పెట్టి కెలికింది. గోళ్ల నిండా మట్టి, కళ్ల నిండా నీళ్లు. చేతికి తగిలిందల్లా బురదే. దూరంగా రైలు కూత వినిపించింది. నాన్న వచ్చి భుజం పట్టుకుని లేపాడు.

రైల్లో లూమీర్ నాన్న పక్కన కూర్చున్నాడు. ఎప్పుడూ అక్క ఒడిలో తల పెట్టి పడుకునేవాడు, ఈ రోజు కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఇంటి తలుపు తీసింది అమ్మ. "ఏం దొరికిందర్రా?"

లూమీర్ గుప్పిట విప్పాడు.

"అబ్బ, ఎంత బాగుందో! అయ్యో, తల లేదేం? దారిలో రాలిపోయిందా?"

నాన్న వంగి తడిసిన బూట్లు విప్పుకుంటున్నాడు. వెండులా ఊఁ అంటే చాలు, అమ్మ నమ్మేస్తుంది.

"రాలిపోలేదమ్మా," అంది వెండులా. "నేను పగలగొట్టాను. ఎక్కడ పగిలిందో కూడా దాచాను. నా మాట నమ్మి తమ్ముడు పొద్దంతా లేనిచోట వెతికాడు."

అమ్మ ఆమె గోళ్లలోని మట్టి వైపు చూసింది.

ఆ రాత్రి లూమీర్ రాతి మంచాన్ని దిండు పక్కన పెట్టుకున్నాడు. అక్క వైపు చూడలేదు. దుప్పటి గడ్డం దాకా లాక్కుని, అమ్మతోనే అన్నాడు:

"వచ్చే ఆదివారం మళ్లీ వెళ్లాలమ్మా. తల పడ్డ చోటు అక్కకే తెలుసు."