ఇంట్లో ఎవరున్నారు?

ఆ శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరెవరు ఉన్నారో వీధికంతా వినబడేలా చెప్తున్నాడు ఎనిమిదేళ్ల యేసుప్రసాద్.

"నాయన మైదుకూరుకు పోయినాడు. అమ్మ చర్చిలో కూడికకు పోయింది. అవ్వ విత్తనాలకు చెనిక్కాయలు ఒలుస్తాంది, ఆమెకు చెవుడు. అక్క ఉండాది గానీ లేనట్టే లెక్క. పుస్తకంలోంచి తల ఎత్తదు."

పక్కగదిలో ఉన్న అక్క ఆరాధనకు నవ్వొచ్చింది. ఆ వెంటనే అనుమానం వచ్చింది. వీడు చెప్పేది ఎవరికి?

లేచి వెళ్లి చూసింది. తమ్ముడి చెవులకు హెడ్‌ఫోన్లు. ఎదురుగా కంప్యూటర్లో తుపాకుల యుద్ధం.

"ఎవురితోరా మాట్లాడేది?"

"మా టీములో అన్నతో. ఇంట్లో ఎవురుండారని అడిగినాడు."

"యా ఊరన్న?"

"ఏమో. పేరు బ్లాక్ టైగర్."

ఆరాధన గబుక్కున ఇంటర్నెట్ వైరు పీకేసింది.

"అయ్యో, చంపేస్తివి గదక్కా నన్ను!" అని గోల పెట్టాడు వాడు. "గేటుకాడ ఎవురన్నా అడిగితే మర్యాదగా చెప్పాలని అవ్వే అంటాది గదా!"

నిజమే. ఆ వీధిలో ఎవరు పిలిచినా, ఎవరు ఉన్నారో, ఎవరు ఎక్కడికి వెళ్లారో పిల్లలు గడగడా చెప్పాల్సిందే.

"గేటుకాడికి వచ్చినోళ్ల మొగం కనపడతాదిరా. ఈ టైగర్ మొగం చూసినావా నువ్వు?"

వాడు తల అడ్డంగా ఊపాడు.

ఆరాధనకు అప్పుడు గుర్తొచ్చింది. పోయిన వారం నాయన ఆమెనే అడిగాడు. "పాపా, నీకు ఇంగ్లీషు వస్తాది. ఈ ఆట పిల్లోనికి తగునో లేదో చూసి చెప్పు. నువ్వు సరేనంటేనే ఆడనిస్తా." అప్పుడు కథ మంచి పట్టులో ఉంది. తెర మీద పచ్చని కొండలు కనిపించాయి. "మంచిదే నాయనా" అనేసి మళ్లీ పుస్తకంలో పడింది.

ఇప్పుడు నిజం చెప్తే నాయన ఇంకెప్పుడైనా తన మాట అడుగుతాడా?

"రేయ్, నాకూ నేర్పు" అంది, వైరు మళ్లీ పెట్టి, మైకు మాత్రం ఆపేసి.

మొదటిసారి గోడకు ఎదురు నడిచి చచ్చింది. రెండోసారి బావిలో పడింది. తమ్ముడు కడుపు పట్టుకుని నవ్వాడు. ఆట భలేగా ఉంది, వదలబుద్ధి కాలేదు. కానీ ఎటు చూసినా నెత్తురే. కింద ఎవరెవరో టైపు చేస్తున్న బూతులు చదివితే చెవులు ఎర్రబడ్డాయి. మొదట్లోనే చిన్న అక్షరాల్లో ఉంది, పెద్దవాళ్లకు మాత్రమేనని. అది చదవడానికి అరనిమిషం కూడా పట్టలేదు.

సాయంత్రం నాయన దావీదురాజు చెప్పులు విడుస్తుండగానే ఎదురెళ్లింది.

"నాయనా, పోయినవారం చూడకుండానే మంచిదంటి. ఈ పొద్దు ఆడి చూసినా. వానికి వద్దు." టైగర్ సంగతీ చెప్పింది.

నాయన రెండో చెప్పు కూడా విడిచాడు. తర్వాత, "ఆడినావా? ఎన్నిసార్లు చచ్చినావు?" అన్నాడు.

"శానాసార్లు."

"అట్లయితే ఈసారి నీ మాట నమ్మొచ్చు" అని నవ్వాడు. "ఆ ఆట తీసేద్దాంలే."

యేసుప్రసాద్ మూతి ముడుచుకుని గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. ఆరాధన చదువుతున్న పుస్తకం పక్కగదిలోనే ఉంది. దాన్ని వదిలి క్యారమ్ బోర్డు చంకన పెట్టుకుంది. తలుపు కొట్టి, గొంతు బొంగురుగా మార్చి పిలిచింది.

"ఏమప్పా, ఇంట్లో ఎవురుండారు?"

తలుపు కొంచెం తెరుచుకుంది. సందులోంచి ఒక కన్ను చూసింది.

"ముందు నువ్వెవురో చెప్పు."

"బ్లాక్ టైగర్ని."

"అయితే చెప్పను, పో!"

కిసుక్కున నవ్వి, అక్క ముఖం మీదే ధడాలున తలుపేశాడు.